ఏజెంటుకు ముందే డబ్బు కట్టాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను, జీతం 22,000. మా ఆయన రైస్ మిల్లులో గుమస్తా. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మా అమ్మమ్మ తరం మీద నవల రాశాను. దిద్దుబాటు, ఇంగ్లీషు అనువాదం చేయించి పెద్ద ప్రచురణ సంస్థకు ఇప్పిస్తానని ఒక ఏజెంటు 1,40,000 అడుగుతున్నారు. బాబు ఇంజినీరింగ్ ఫీజుకు దాచిన 2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయొచ్చా?

జవాబు: తీయొద్దమ్మా. ఆ డబ్బు బాబు చదువుకు కావాలి. పైగా గడువుకు ముందే తీస్తే బ్యాంకు వడ్డీ తగ్గించి ఇస్తుంది.

అసలైన లిటరరీ ఏజెంటు రచయిత దగ్గర ముందు ఫీజు తీసుకోరు. పుస్తకం అమ్ముడై మీకు వచ్చే దాంట్లో సుమారు 15 శాతం వాళ్లది. లెక్క వేసి చూడండి. 300 రూపాయల పుస్తకానికి 10 శాతం రాయల్టీ (అమ్మకంలో రచయితకిచ్చే వాటా) అనుకుంటే కాపీకి మీకు 30. వెయ్యి కాపీలు పోతే 30,000. అందులో ఏజెంటు వాటా 4,500. మీరు కట్టే 1,40,000 వెనక్కి రావాలంటే 4,600 కాపీలకు పైనే అమ్ముడుపోవాలి, అదీ ఏజెంటు వాటా తీయకుండా. ముందే డబ్బు తీసుకుని, అమ్ముడుపోకపోయినా నష్టం లేని మనిషికి మీ పుస్తకం గురించి తిరగాల్సిన అవసరమేముంది?

ఇలాంటి ప్యాకేజీలో ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య), కాపీరైట్ అని కూడా చూపిస్తారు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. కాపీరైట్ మీరు రాసిన రోజే మీది. నమోదు చేయించుకోవాలనిపిస్తే ఫీజు 500.

ఖర్చు పెట్టదగ్గది దిద్దుబాటు ఒక్కటే, అదీ చివర్లో. ముందు రాతప్రతిని రెండు నెలలు పక్కన పెట్టండి. తర్వాత మొత్తం పైకి చదువుకుంటూ మీరే దిద్దండి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతం తెలిసిన ఒకరికి, అసలు తెలియని ఒకరికి ఇచ్చి ఎక్కడ ఆగిపోయారో అడగండి. ఆ మార్పులన్నీ అయ్యాక ఎడిటర్‌కు మొదటి యాభై పేజీలే ఇచ్చి పని చూడండి. దీనికి నెలకు 2,000 చొప్పున పది నెలలు దాచండి, 20,000 చేతికొస్తాయి. అంతకు మించి వద్దు.

తెలుగులో ఏజెంట్ల వ్యవస్థ దాదాపు లేదు. ప్రచురణకర్తలకు మీరే నేరుగా రాయొచ్చు: కథా సారాంశం ఒక పేజీ, మూడు అధ్యాయాలు. జవాబుకు నెలలు పట్టొచ్చు, కానీ ఎదురుచూడటానికి ఖర్చు లేదు, టెన్షన్ పడకండి. ముందు తెలుగులో రానివ్వండి. ఇంగ్లీషు ప్రయత్నానికి నవలంతా అక్కర్లేదు, రెండు మూడు అధ్యాయాల అనువాదం నమూనాగా చాలు.

ఒప్పందం వచ్చినప్పుడు తెలుగు ముద్రణ హక్కు మాత్రమే, అదీ కొన్నేళ్లకే ఇవ్వండి. అనువాద, సినిమా హక్కులు మీ దగ్గరే ఉంటాయని అందులో రాయించుకున్నాకే సంతకం పెట్టండి.