పట్టీ రంగు ఊరు చెప్పదు

ప్రశ్న: మేం ఆస్టిన్‌లో ఉంటాం. మా అబ్బాయి పెంచే గ్రే బ్యాండెడ్ కింగ్‌స్నేక్ జంటను ‘లాంగ్‌ట్రీ లొకాలిటీ’ (టెక్సస్‌లోని లాంగ్‌ట్రీ ఊరి వంశం) అని చెప్పి అమ్మారు. ఈసారి ఆరు గుడ్లు పిల్లలయ్యాయి. నాలుగింటికి వెడల్పాటి నారింజ పట్టీలు, రెండింటికి సన్నటి నల్ల పట్టీలు. వేరే ఊరి పాము కలిసిందంటారా? మోసపోయామా?

జవాబు: పిల్లల్ని చూసి మాత్రం మోసమనుకోకండమ్మా. ఈ పాములో రెండు రూపాలూ ఒకే తల్లి గుడ్లలోంచి వస్తాయి. 1901లో సన్న పట్టీల దానికి ఒక జాతిగా పేరు పెట్టారు. 1950లో వెడల్పు నారింజ పట్టీల దాన్ని ‘బ్లెయిర్స్’ అని ఇంకో జాతిగా రాశారు. తర్వాత ఒకే తల్లి పిల్లల్లో రెండూ కనబడేసరికి జాతి ఒక్కటేనని తేలింది. శాస్త్రవేత్తలే అలా పొరబడ్డారు, మీ కంగారులో తప్పేముంది!

రంగు సరిపోయినంత మాత్రాన ఊరు నిజమైపోదు, అదీ గుర్తుంచుకోండి. నేను శాన్ ఆంటోనియోలో ఈ పాములు పెంచడం మొదలుపెట్టిన కొత్తలో ముదురు బూడిదరంగు మగదాన్ని టెక్సస్‌లోని ‘క్రిస్మస్ మౌంటెన్స్’ కొండలదని కొన్నాను. ‘చూస్తే తెలియట్లేదా?’ అన్నాడు అమ్మినతను. నమ్మి, వంశం కాగితాలున్న నా ఆడపాముతో జత కట్టించాను. రెండేళ్లకు అడిగితే దాని తల్లి ఎక్కడిదో అతనికే తెలియదన్నాడు. అప్పటికి తొమ్మిది పిల్లలు. ఒక్కదానికీ ఊరి పేరు రాయలేకపోయాను. ఆ ఆడదాని వంశం అలా చెడగొట్టుకున్నానన్న బాధ ఇప్పటికీ ఉంది.

లొకాలిటీ అంటే ఒంటిమీది రంగు కాదు, మొదటి జంట దొరికిన చోటు. మీవాటి తాతముత్తాతలను ఎవరు, ఏ సంవత్సరం, ఏ రోడ్డు పక్క సున్నపురాతి గుట్టను కోసిన చోట పట్టారో, అక్కణ్ణుంచి మీ జంట దాకా ప్రతి తరానికీ తల్లీతండ్రీ ఎవరో అమ్మినవాళ్లను రాసిమ్మనండి. ‘లాంగ్‌ట్రీ’ అన్న ఒక్క మాట చాలదు. నా డబ్బాల మీద కార్డుల్లో ఆడదానికి ఒక నంబరు, మగదానికి ఒక నంబరు, గుడ్లు పెట్టిన తేదీ, పక్కనే తల్లి ఫోటో ఉంటాయి. ఆ వివరాలు వచ్చేదాకా మీ పిల్లల కార్డు మీద ఊరి పేరు కొట్టేయించండి. ఎవరికైనా ఇచ్చేటప్పుడూ అదే చెప్పమనండి.

ఇంకోటి, మొదటి కుబుసం విడిచాక కూడా పిల్లలు ఎలుకకూనను ముట్టకపోతే భయపడకండి. అడవిలో వీటి తిండి ఎక్కువగా బల్లులే. కూనకు కాస్త బల్లి వాసన పట్టించి, చీకటిపడ్డాక డబ్బాలో పెట్టి వదిలేయమనండి.