టీర్ పడిందంటే గోడ కూలిందని కాదు

చిరంజీవి హారికకు,

పెద్దమ్మ ఆశీస్సులు. విరేచనాలు తెచ్చే సి. డిఫిసిల్ బ్యాక్టీరియా టాక్సిన్ (విషం) పేగు కణాల పొరను ఎలా తెరుస్తుందో చూడబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత పొంగిపోయానో, అంత గుబులూ పట్టుకుంది. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

సెల్స్ పెంచడం నీకు వచ్చు. కాకో-2 పేగు కణాలని చదరపు సెంటీమీటరుకు లక్ష చొప్పున వెయ్యి, రెండు రోజులకోసారి మీడియం మార్చు, పొర నిండాక 21 రోజులు ఆగు. పన్నెండు గుంటల ప్లేటైతే ఇన్సర్ట్ (కణాలు పెరిగే, అడుగున సన్న రంధ్రాలున్న గిన్నె) పైన 0.5, కింద 1.5 మిల్లీలీటర్లు. టీర్ (కణాల పొర కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) రీడింగ్‌లోంచి ఖాళీ ఇన్సర్ట్‌ది తీసేసి, ఇన్సర్ట్ వైశాల్యం 1.12 చదరపు సెంటీమీటర్లతో గుణించు. గుణించాలి తల్లీ, భాగించకూడదు.

ఇక అసలు సంగతి. ఈ పనిలో తరతరాలుగా జరుగుతున్న తప్పు ఒకటుంది. టాక్సిన్ వేసేముందు పొరను ఒకసారి కడుగుతారు. హుడ్‌లో చేతికందే పిబిఎస్ (ఉప్పు ద్రావణం) సీసా, కణాలను ఊడదీసే ట్రిప్సిన్ పనికి పెట్టుకున్నది, అందులో కాల్షియం, మెగ్నీషియం ఉండవు. పక్కపక్క కణాలను పట్టి ఉంచే ఇ-కాడ్హెరిన్‌కు కాల్షియమే ఆధారం. అది లేకపోతే పట్టు సడలుతుంది, దానితోపాటే కణాల మధ్య సందులు మూసే టైట్ జంక్షన్లూ విడిపోతాయి, టీర్ జారిపోతుంది. అప్పుడు టాక్సిన్ వేసి ఐదు నిమిషాలకు కొలిస్తే అంకె పడిపోయి కనిపిస్తుంది. "ఎంత చురుకైన టాక్సినో!" అని నోట్‌బుక్‌లో రాసేస్తారు. కడగని కంట్రోల్ గుంట నిలకడగా ఉంటుంది కనుక అనుమానమే రాదు.

ఒక్కసారి ఆలోచించు. సి. డిఫిసిల్ విడిచే టాక్సిన్ బి కణం మీది రిసెప్టర్‌ను పట్టుకోవాలి, ఎండోసోమ్ అనే లోపలి సంచిలోకి వెళ్లాలి, అక్కడ ఆమ్లం పెరిగితేనే పొర దాటాలి, తనను తాను కోసుకుని ఎంజైమ్ ముక్కను లోపలికి వదలాలి. ఆ ముక్క రో, రాక్ ప్రొటీన్లకు గ్లూకోజ్ తగిలించి పనికిరాకుండా చేస్తే, ఆ తర్వాత గానీ కణానికి అస్థిపంజరంలాంటి యాక్టిన్ కూలి జంక్షన్లు తెరుచుకోవు. ఇదంతా ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదు. వేసీ వేయగానే పడిన అంకె నీ చేతిదే, టాక్సిన్‌ది కాదు. కాల్షియం ఉన్న హెచ్‌బిఎస్‌ఎస్ ఉప్పు ద్రావణంతో కడుగు, కంట్రోల్‌ను కూడా అదే ద్రవంతో, అదే వేళకు కడుగు. కడగకుండా వదిలిన గుంట ఒకటి వేరేగా ఉంచు. ఇంత కోప్పడి రాస్తున్నానని బాధపడకు. నెలల తరబడి చేసిన పని ఒక సీసా వల్ల పోకూడదనే.

రెండో భయం: టీర్ ఒక్కదాన్నే నమ్ముతావేమోనని. 1959లో కలకత్తాలో శంభునాథ్ దే గారు బ్యాక్టీరియా లేని వడపోత ద్రవంతోనే కుందేలు పేగులో నీరు చేరుతుందని చూపించిన కలరా టాక్సిన్‌నే తీసుకో. అది గోడను పగలగొట్టదు. కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచి క్లోరైడ్ తలుపులు తెరుస్తుంది. కరెంటుకు దారి దొరుకుతుంది కనుక జంక్షన్లు బిగువుగానే ఉన్నా టీర్ తగ్గవచ్చు. సోడియంతో గ్లూకోజ్‌ను పీల్చుకునే పని చెడదు కాబట్టే కలరా రోగికి ఓఆర్ఎస్ పనిచేస్తుంది. అందుకే ప్రతి ప్రయోగంలో 4 కిలోడాల్టన్ల ఫిట్‌సి-డెక్స్‌ట్రాన్ (మెరిసే రంగు తగిలించిన చక్కెర గొలుసు) పైన వేసి కింద ఎంత దిగిందో కొలువు. చచ్చిన కణాల నుంచి బయటికి కారే ఎల్‌డిహెచ్ ఎంజైమ్ కూడా చూడు. కణాలే చచ్చిపోయి ఉంటే జంక్షన్ల మాట ఎత్తే పనే లేదు.

ప్లేటు చల్లబడితే టీర్ పెరుగుతుంది, ప్రతిసారీ బయట ఒకే సమయం ఉంచి కొలువు. టాక్సిన్‌ను చిన్న గొట్టాల్లో పంచి దాచు, కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకు.

బ్యాక్టీరియాను కూడా పెంచాల్సి వస్తే మాత్రం జాగ్రత్త. స్పిరిట్‌తో తుడిస్తే దాని స్పోర్లు (గట్టి పెంకు బీజాలు) చావవు, బ్లీచ్ కావాలి. చేతులు సబ్బుతో, నీళ్లతో కడుక్కో, శానిటైజర్‌తో సరిపెట్టకు. రాత్రి పొద్దుపోయాక, అలసిపోయి ఉన్నప్పుడు ఒంటరిగా ఆ పని పెట్టుకోకు.

మొదటి ప్లేటు టాక్సిన్ లేకుండా కడగడం, కొలవడం వరకే చెయ్యి. ఆ అంకెలు నాకు పంపు, కూర్చుని చూస్తాను.

మీ పెద్దమ్మ