కొండకింద కొట్టంలో ఆవుల్ని కట్టేముందు

చిరంజీవి మేనల్లుడికి, మామ దీవెనలు.

ఉదయగిరి కొండకింద చేలో నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే సీమ జాతి) సంకర ఆవుల్ని తెచ్చి కడతావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఊళ్లోనే నిలబడి బతుకుతానన్నావు చూడు, ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నే కంపలోకి తోలి మేపుతానన్నావని చెప్పాక మాత్రం గుండె జారింది.

మేత, నీళ్లు, గాలికుంటు టీకా నీకు తెలిసినవే. నేను రాసేది పశువుల రక్తం తాగే గోమార్ల (పిడుదుల) గురించే.

"మా ఒంగోలు ఆవులు ఆ కంపలోనే మేస్తున్నాయి, ఏమైంది?" అంటారు. నమ్మొద్దు నాయనా. నాటు పశువు మీద గోమారి అంతగా నిలవదు. గోమారి కాటుతో వచ్చే థైలేరియా జబ్బు తగిలి తట్టుకున్న పశువు పైకి నిక్షేపంగా కనిపించినా, ఆ క్రిమి దాని రక్తంలో మిగిలే ఉంటుంది. ఆ రక్తం తాగిన, హయలోమా అనే రకం పిల్ల గోమారి కుబుసం విడిచి, పెద్దదై నీ ఆవుని పట్టుకుంటే, కొన్నాళ్లకే 105 డిగ్రీల జ్వరం వస్తుంది. భుజం ముందు గడ్డ చేతికి తగులుతుంది. ఆ రోజే రక్తం పరీక్ష చేయించు. దీని మందు బుపార్వాక్వోన్, కిలో బరువుకి 2.5 మిల్లీగ్రాములు, కండకి సూది. చిగుళ్లు పాలిపోయేదాకా ఆగితే సూది వేసినా దక్కడం కష్టం. మూత్రం కాఫీ రంగులో పోతే అది బెబీసియా, గోమార్లతోనే వచ్చే ఇంకో జబ్బు, దాని మందు వేరు. థైలేరియాకి టీకా ఉంది, నిండు చూలు ఆవుకి వేయరు కాబట్టి కొనేముందే డాక్టర్ని అడుగు.

చిల్లకంప, చేను కలిసే అంచు చూశావా, అదే చెడ్డ చోటు. అడవి గోమార్లలో చాలావాటి పిల్లలు ఎలకల్నీ కుందేళ్లనీ కౌజుల్నీ పట్టి పెరుగుతాయి, పెద్దవి జింకల్నీ పందుల్నీ పశువుల్నీ పడతాయి. వేరుశనక్కాయల కోసం రాత్రి దిగిన పందులు ఒంటిమీది గోమార్లని ఆ గట్టుమీదే రాలుస్తాయి. మనకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ తడికి గడ్డి కొసన పిల్లలు కాచుక్కూర్చుంటాయి. ఆ నెలల్లో గడ్డి కోసుకొచ్చి కొట్టంలోనే వెయ్యి.

ఇక మనవాళ్లు తరతరాలుగా చేసే తప్పు ఒకటుంది. సాయంత్రం ఆవుని నిమురుతూ గోమార్లని పీకి, గోటితో నలిపో, అలాగే నేలమీదో పారేస్తారు. ఆముదం గింజలా ఉబ్బినది ఆడది. అలా పారేస్తే అది చావదు, మెల్లగా పాకి గాడి రాయికింద దూరి 2 వేల నుంచి 3 వేల దాకా గుడ్లు పెట్టి అప్పుడు చస్తుంది. రైపిసెఫలస్ మైక్రోప్లస్ అనే రకం గోమారి అయితే పిల్ల నుంచి పెద్దయ్యేదాకా 3 వారాలు ఆవు మీదే ఉంటుంది, బెబీసియా తల్లి నుంచి గుడ్డులోకీ దిగుతుంది. అంటే పారేసిన ఒక్కదాని సంతానమే నీ కొట్టాన్ని ముంచుతుంది. గోటితో నలిపావా, ఆ రక్తం నీ చేతి గాట్లలోకి పోతుంది. 2011లో గుజరాత్‌లో మనుషుల్ని చంపిన క్రిమియన్ కాంగో జ్వరం హయలోమాతో వచ్చేదే, పశువుకి పైకి ఏమీ కనపడదు. వినరా నా మాట, చేతులకి తొడుగు వేసుకో. చిమటాతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగి, సబ్బునీళ్ల సీసాలో వెయ్యి. కిరసనాయిలు, బీడీ నిప్పు వద్దు.

గోమార్లని చంపే మందు: 12.5 శాతం అమిట్రాజ్, లీటరు నీళ్లకి 2 మిల్లీలీటర్లు, ఆవుకి 3, 4 లీటర్లు. వీపుమీద చల్లి వదిలేయకు. చెవుల లోపల, గంగడోలు, తోక కింద, తొడల సందు, పొదుగు చుట్టూ తడవాలి. ముందు నీళ్లు తాగించు, నాక్కోకుండా చూడు, పాలు ఎన్నాళ్లు పొయ్యకూడదో సీసా మీద చదువు. రెండు వారాలకి మళ్లీ కొట్టు, గుడ్లమీద మందు పనిచేయదు. అదేరోజు గోడలకీ గాడికీ కూడా.

కంపలోకి పోతే ప్యాంటు సాక్సులోకి దోపుకో, ఇంటికి రాగానే చంకలు, గజ్జలు వెతుక్కో. జ్వరమొచ్చి ఒంటిమీద నల్లటి పక్కు కనపడితే, కంపలో తిరుగుతానని డాక్టరుకి నోరు తెరిచి చెప్పు. అది చిగ్గర్ అనే సన్నటి పురుగుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు, డాక్సీసైక్లిన్ మందు వేళకి పడితే తగ్గుతుంది. దాచుకుని మీ అమ్మని ఏడిపించకు.

కొట్టం గోడల నెర్రెలన్నీ సిమెంటుతో పూడ్చి, సున్నం వేసి, పేడదిబ్బ దూరంగా మార్చేదాకా ఆవులకి అడ్వాన్సు ఇవ్వొద్దు. పని అయ్యాక ఫోన్ చెయ్యి, బస్సెక్కి వస్తా.

మీ మామయ్య