నెలలు లెక్కపెట్టిన రాయి

అమ్మాయీ,

నీ దయ్యం కథ రెండుసార్లు చదివాను. అది జరిగే గాడ్స్‌బీస్ టావర్న్, అమెరికాలోని అలెగ్జాండ్రియాలో ఉన్నది, మీ ఇంటికి అరగంట దూరమేనంటే అసూయ కలిగింది.

ముందు చిన్న తగువు. దాన్ని "సారా కొట్టు" అన్నావు. ప్రయాణికులు దిగి, తిని, తాగి, పడుకుని, మర్నాడు బండెక్కే చోటమ్మా అది. 1798లో, 1799లో జార్జి వాషింగ్టన్ తన పుట్టినరోజు నాట్యోత్సవాలకు వచ్చింది అక్కడికే. మన పూటకూళ్ల ఇల్లు దానికి దగ్గరి చుట్టం. కుదరకపోతే టావర్న్ అనే ఉంచు. ఇంకొకటి, 1816లో ఆ ఊరు వర్జీనియాలో లేదు. దేశ రాజధాని వాషింగ్టన్ ప్రాంతం కింద ఉండేది, 1847లో గానీ తిరిగి కలవలేదు. నీ మొదటి వాక్యమే తప్పు.

ఇక అసలు సంగతి. నీ కథలో దయ్యమైన స్త్రీ, 1816 అక్టోబరు 14న పోయిన ఆమె, సమాధి మీద పేరు లేదు. వయసు మాత్రం ఉంది: 23 ఏళ్ల 8 నెలలు. పేరు దాచిన భర్త నెలలు కూడా లెక్కపెట్టి చెక్కించాడు! నువ్వేమో ఆ రాయిని ఒక్క ముక్కలో దాటేసి, తెల్ల గౌనుకూ కొవ్వొత్తికీ కుక్కల ఏడుపుకూ మూడు పేజీలు ధారపోశావు. ఆ కుక్కలు మన ఊరి చింతచెట్టు కిందివి. అంత దూరం ఎలా వెళ్లాయో!

చివరకు ఆమె అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ కూతురు థియోడోసియా అని తేల్చేశావు. వదంతి పాతదే. థియోడోసియా ఎక్కిన ఓడ 1813లో జాడ లేకుండా పోయిన మాటా నిజమే. కానీ ఆమె పుట్టింది 1783లో. వేళ్ల మీద లెక్కపెట్టినా పదేళ్ల తేడా వస్తోంది. రాయి అబద్ధమాడిందంటావా? అయితే ఆ అబద్ధం చెక్కించినవాడి కథ రాయి.

నువ్వు వదిలేసింది మరొకటి ఉంది. దయ్యం కనిపించిందని చెప్పుకునే ఆ నాట్యశాల చెక్కపనిని 1917లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం కొనుక్కుంది. ఇప్పుడు టావర్న్‌లో ఉన్నది నకలు. మరి ఆమె చెక్కల వెంట న్యూయార్కు వెళ్లిందా, నకలు గదిలోనే సర్దుకుందా? నాకు వణుకు పుట్టింది ఇక్కడే.

మళ్లీ రాసేముందు సెయింట్ పాల్స్ శ్మశానానికి వెళ్లు, పట్టపగలే. రాతి మీద "ఫిమేల్ స్ట్రేంజర్" అని ఉంటుంది. దాన్ని తెలుగులో ఏమంటావు? అపరిచిత అంటే కవిత్వంలా ఉంది, పరదేశి అంటే బిచ్చగత్తెలా ఉంది. నాలుగు రోజులుగా నాకూ తోచడం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు