ఖంజర్ గుర్తు ఉన్న వాచీ కొనేముందు

గల్ఫ్ రాజులు దౌత్య బహుమతులుగా ఇచ్చిన, రాజచిహ్నం ఉన్న పాత రోలెక్స్ వాచీల సేకరణ ఎలా మొదలుపెట్టాలని అడిగారు. మస్కట్‌లో పదహారేళ్లు లెక్కల గుమాస్తాగా ఉంటూ ఈ పిచ్చిలో పడినవాణ్ణి కనుక, నేను మోసపోయిన సంగతితోనే మొదలుపెడతాను.

మస్కట్ బజారు ప్రాంతమైన రువీలోని ఒక దుకాణంలో, అడ్డకత్తుల మీద ఖంజర్, అంటే ఒమాన్ రాజచిహ్నంలోని వంకర బాకు, అచ్చయిన 1970ల నాటి రోలెక్స్ డేట్‌జస్ట్ కనబడగానే, ఆరు నెలలు కూడబెట్టిన సొమ్మంతా పోసి కొన్నాను. తరువాత ఒక ముసలి మెకానిక్ దాన్ని లూప్ (వాచీ పనివాళ్ల భూతద్దం) కింద పెట్టి, ఖంజర్ అంచుల్లో రంగు అలుక్కుపోయి ఉండటం నాకే చూపించాడు. ఆరు అంకె కింద ‘టి స్విస్ టి’ అని ఉంది, అంటే ముల్లులకూ చుక్కలకూ పూసింది ట్రిటియం, చీకట్లో వెలిగేలా చేసే రేడియోధార్మిక పదార్థం. సుమారు 12 ఏళ్లకోసారి దాని శక్తి సగానికి పడిపోతుంది కాబట్టి ఆ కాలపు వాచీ ఇప్పుడు చీకట్లో దాదాపు వెలగకూడదు. నాదేమో మిణుగురులా మెరిసింది! వాచీ అసలైనదే, డయల్‌కు మాత్రం కొత్తగా రంగు వేశారు.

1970లో గద్దెనెక్కిన ఒమాన్ సుల్తాన్ ఖాబూస్, దేశానికి దక్షిణాన తిరుగుబాటుదారులతో జరిగిన ధోఫార్ యుద్ధంలో తన పక్షాన పనిచేసిన బ్రిటిష్ సైనికులకూ, అతిథులకూ ఇలాంటి వాచీలు ఇచ్చేవారు. వాటిలో చాలావాటిని లండన్‌లోని ఆస్ప్రే దుకాణం సమకూర్చింది. కొన్నింటి డయల్ మీద ఎర్రటి అరబ్బీ లిపిలో ఆయన పేరు ఉంటుంది, మరికొన్నింటికి ఖంజర్ వెనక మూత మీదే ఉంటుంది. చిహ్నం ఉంటే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది గనుక, మామూలు డయల్ మీద దాన్ని అచ్చు వేసే పనిమంతులకు కొదవ లేదు.

అందుకే ఇప్పుడు నేను చిహ్నాన్ని చివర చూస్తాను. ముందు పట్టీ విప్పించి, ఆరు అంకె వైపు కొమ్ముల మధ్య చెక్కిన సీరియల్ నంబరు చదివి, ఆ సంవత్సరం అమ్మేవాడు చెప్పే కథతో పొసగుతుందా అని చూస్తాను. ఆ తరువాత బహుమతి అందుకున్న వ్యక్తి ఉత్తరమో, ఫొటోనో, కనీసం పెట్టె అయినా అడుగుతాను. ఇవేవీ లేకుండా ‘మా తాతగారికి సుల్తాన్ ఇచ్చారు’ అంటే, మామూలు డేట్‌జస్ట్ ధర మించి ఒక్క రియాల్ కూడా ఎక్కువ ఇవ్వను.

మీ బడ్జెట్ చిన్నదైతే రోలెక్స్ జోలికి పోకుండా, ఖర్జూర చెట్టు కింద అడ్డకత్తులు ఉండే సౌదీ చిహ్నపు ఒమేగాల వంటివి చూడండి. అక్కడా ఈ పరీక్షలే వర్తిస్తాయి. భారత్‌కు తెచ్చేటప్పుడు బిల్లు చేతిలో ఉంచుకుని, కస్టమ్స్‌లో డిక్లేర్ చేయండి.