నాన్నగారి ఇంట్లో పెళ్లైన కూతురి వాటా

అక్కా, నాన్నగారు వీలునామా రాయకుండా పోయారని, పెళ్లైంది కాబట్టి మీకు వాటా లేదని తమ్ముడు అంటున్నాడని రాశారు. టెన్షన్ పడకండి, అది నిజం కాదు. ఇల్లు నాన్నగారి స్వార్జితం కనుక 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, తమ్ముడికి, మీకు సమాన వాటాలు. నాన్నగారి తల్లి ఉన్నారా? ఉంటే ఆవిడకూ ఒకటి, అంటే నాలుగు. చాలామంది ఈ సంగతే మర్చిపోతారు.

ఇంటి పన్ను తమ్ముడి పేరుకు మారినంత మాత్రాన ఇల్లు అతనిది అయిపోదు. అసలు భయం వేరే. "లోన్ కోసం ఒక్క సంతకం" అంటూ తెచ్చిన కాగితం పైన "హక్కు విడుదల పత్రం" (అంటే మీ వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం) అని ఉందేమో చూడండి. మా పిన్ని అలాగే చదవకుండా రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర వేసి వచ్చింది, ఆరేళ్లు కోర్టు చుట్టూ తిరిగింది. ఈ వారమే మీసేవలో ఈసీ (ఇంటి మీద ఏ పత్రాలు రిజిస్టర్ అయ్యాయో చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి.