చెంపదెబ్బ తీసేసి రాయి

అనంతపురం

చిరంజీవికి,

కొట్టడం, బెదిరించడం, కదలనీయకుండా ఆపడం గురించి చట్టం ఏమంటుందో రాసి కడప నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. లా పూర్తిచేసి, పగలు కోర్టుకు పోతూ, రాత్రిపూట కూర్చుని చట్టం గురించి తెలుగులో రాయాలనుకున్నావు చూడు, అది నాకు చాలా సంతోషం. మన రాయలసీమలో ఈ పని చేసేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే మెచ్చుకోళ్ళు మీ నాయనతో ఫోనులో చెప్పేశాను. నీకు మాత్రం దిద్దాల్సినవి రాస్తున్నా.

'బ్యాటరీ అనేది ఒక టార్ట్' అని మొదలుపెట్టావు. మనవాళ్ళు ఆ వాక్యం దగ్గరే ఆగిపోతారమ్మా. టార్ట్ అంటే పరిహారం కోసం దావా వేయదగ్గ తప్పు అని వాళ్ళకేం తెలుసు? మన పల్లెల్లో బ్యాట్రీ అంటే రాత్రి చేనికి నీళ్ళు కట్టడానికి పోయేటప్పుడు చేతిలో ఉండే లైటు. ఆ మాట వాడొద్దని కాదు. ముందు విషయం చెప్పి, తర్వాత లాయర్లు దీన్ని ఇట్లా పిలుస్తారని చెప్పు. అసాల్ట్‌ను 'దాడి' అని రాయడం ఇంకా పెద్ద పొరపాటు. పేపర్లో దాడి అని కనిపిస్తే చదివేవాళ్ళకు కొట్టారనే అర్థమవుతుంది. కామన్ లాలో, అంటే ఇంగ్లీషు కోర్టుల తీర్పుల నుంచి పెరిగిన చట్టంలో, అసాల్ట్ అంటే కొట్టడం కాదు, ఇప్పుడు దెబ్బ పడుతుందని ఎదుటి మనిషికి అనిపించేలా చేయడం. చెయ్యి లేస్తే అసాల్ట్, చెయ్యి పడితే బ్యాటరీ, కదలనీయకుండా చేస్తే అక్రమ నిర్బంధం. ఈ మూడింటినీ కలిపి మనిషి ఒంటి మీద అతిక్రమణ అంటారు.

అతిక్రమణ అన్న మాట మనవాళ్ళకు చక్కగా తెలుసు, గట్టు దగ్గర. పక్క చేనివాడు నీ గట్టు దాటి ఒక్క అడుగు లోపల పెడితే, పైరు తొక్కకపోయినా, ఒక్క కాయ తెంచకపోయినా అది తప్పే. ఎంత నష్టం జరిగిందని అడగనక్కరలేదు. ఒంటికి కూడా అటువంటి గట్టు ఉందంటుంది కామన్ లా. గాయం చూపించకపోయినా దావా నిలబడుతుంది. నీ వ్యాసంలో ఈ ముక్క ఏడో పేజీలో, అదీ ఒకే వాక్యంలో ఉంది. నేనైతే మొత్తం వ్యాసాన్ని దాని మీదే నిలబెడతాను. ఎందుకంటే మన దగ్గర లెక్క వేరు. గొడవ జరిగిందంటే అందరూ మొదట అడిగేది రక్తం వచ్చిందా, కుట్లు ఎన్ని పడ్డాయి అనే. గాయం లేకపోతే ఏమీ జరగనట్టే. రాసేవాళ్ళం కూడా ఆ లెక్కకే అలవాటు పడిపోయాం. సీమ అనగానే బాంబు, వేటకొడవలి. వాటికి కిందిస్థాయిలో రోజూ జరిగేది మన రాతల్లోకి రావడం లేదు.

నా సంగతి ఒకటి చెప్తాను, ఇంతవరకు మీ నాయనకు కూడా చెప్పలేదు. నేను కాలేజీలో ఉన్నప్పుడు మా నాయన వేరుశనగ మండీలో అప్పు పడ్డాడు. ఆ ఏడు వానలు లేవు, కాయలు రాలేదు. ఒకరోజు గడువు అడగడానికి మండీకి పోతే, 'అయ్య వచ్చేదాంక కూచో' అని గుమాస్తా బెంచీ చూపించాడు. పొద్దున పదికి కూర్చున్న మనిషిని చీకటి పడ్డాక వదిలారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, ఒక మాట కూడా తూలలేదు. షట్టరు సగం దించి, ఒకడు గడప మీద కూర్చున్నాడు, అంతే. మధ్యాహ్నం నాయన ఒంటికి పోయి వస్తానని అడిగాడు. సరే పోయిరా అని, వెంట ఒక పిల్లవాణ్ణి పంపించారు. ఆఖరి బస్సుకు ఇంటికి వచ్చాడు. ఏమైందని అమ్మ అడిగితే 'ఏం ల్యా' అన్నాడు. గడప మీద కూర్చున్నవాడి సంగతి, వెంట వచ్చిన పిల్లవాడి సంగతి చాలా ఏళ్ళ తర్వాత నాకొక్కడికే చెప్పాడు.

దాన్ని కథగా రాశాను. రాసేటప్పుడు, ఎవరూ కొట్టకపోతే చదివేవాళ్ళకు బాధ తెలియదేమోనని భయం వేసింది. గుమాస్తా చేత నాయనను చెంప మీద కొట్టించాను. కథ అచ్చయింది, బాగుందన్నారు. మా నాయన చదివించుకుని విని, 'నన్నెవరూ కొట్టలేదు గదరా' అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన మనసులో మిగిలిపోయింది దెబ్బ కాదు, ఒంటికి పోవడానికి కూడా పర్మిషన్ అడగాల్సి రావడం. నేను దాన్ని తీసేసి, జరగని దెబ్బను పెట్టాను. అది అక్రమ నిర్బంధం అని, దానికి తాళం గానీ సంకెల గానీ అక్కరలేదని, పోతే ఊరుకోరు అన్న భయం చాలునని లా చదివిన తర్వాతే తెలిసింది. చట్టానికి కనిపించింది రచయితనైన నాకు కనిపించలేదు.

కాబట్టి నీ వ్యాసంలో ప్రతి ఉదాహరణలోనూ ఎవరో ఒకరి తల పగలడం చూసి నాకు బాధేసింది. ఆ తలలు పగలగొట్టొద్దు. పాత ఇంగ్లీషు కేసులు తీసి చూడు, ఎంత చిన్న చిన్న సంగతుల దగ్గర ఆగి ఆలోచించారో. 1830 నాటి స్టీఫెన్స్ వర్సెస్ మైయర్స్ కేసు మన గ్రామసభ లాంటి మీటింగులో జరిగింది. ఒకాయన రభస చేస్తుంటే బయటికి పంపాలని తీర్మానించారు. నన్ను పంపడం కాదు, అధ్యక్షుణ్ణే కుర్చీలోంచి లాగేస్తానని పిడికిలి బిగించి లేచి వచ్చాడు. అధ్యక్షుడికి దగ్గర్లో కూర్చున్న మనిషి మధ్యలోనే ఆపేశాడు. పిడికిలి తగల్లేదు. అయినా అసాల్టే అన్నారు, పరిహారం ఒక్క షిల్లింగు. ఆ షిల్లింగు చూసి చిన్న కేసు అనుకోవద్దు. నిన్ను భయపెట్టే హక్కు వాడికి లేదని కోర్టు నోటితో చెప్పించుకున్న విలువ అది.

ఇంకొకటి 1669 నాటిది, టబర్విల్ వర్సెస్ సావేజ్. ఒకడు కత్తి పిడి మీద చెయ్యి వేసి, 'జడ్జీలు ఊళ్ళో ఉన్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నీ మాటలు పడేవాణ్ణి కాదు' అన్న అర్థంలో మాట్లాడాడు. అది అసాల్ట్ కాదన్నారు. ఇప్పుడు కొట్టను అని వాడి మాటే చెప్తోంది కదా. నువ్వు ఈ కేసును రెండు లైన్లలో దాటేశావు. మన దగ్గర ఈ వాక్యం వినని ఊరుందా? 'పెద్దాయప్ప కూచున్యాడు గాబట్టి ఇడ్సిపెడ్తాండా, ల్యాకుంటే నీ కత వేరే ఉండు' అంటారు. మా ఊరి రచ్చబండ దగ్గర ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మనిషి పెద్దాయనను గౌరవిస్తున్నాడా, లేక పెద్దాయన లేచి పోయిన తర్వాతి సంగతి చెప్తున్నాడా? చట్టం మొదటిది చూసి వదిలేసింది, విన్నవాడు రెండోది తలచుకుని రాత్రి నిద్రపోడు. ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే నువ్వు రాయాల్సింది. అక్కడ పాత్ర నోట మన యాస అట్లాగే ఉంచు, దిద్దొద్దు.

తాకడం గురించి నువ్వు రాసిన భాగం బాగుంది. ఒక్క సంగతి కలుపు. 1704లో కోల్ వర్సెస్ టర్నర్ కేసులో ప్రధాన న్యాయమూర్తి హోల్ట్, కోపంతో ఎంత కొంచెం తాకినా బ్యాటరీయే అన్నాడు. ఇరుకు సందులో ఇద్దరు ఎదురుపడి, చెడు ఉద్దేశం లేకుండా మెల్లగా తగిలితే కాదని అదే తీర్పులో చెప్పాడు. మీ కడపలో పెద్ద దర్గా ఉరుసు రోజున వేలమంది భుజాలు ఒరుసుకుంటూ పోతారు, ఎవరూ తప్పు పట్టరు. అదే గుంపులో ఒక చెయ్యి కావాలని తగులుతుంది. ఆ తేడా ఏ ఆడపిల్లకైనా ఒక్క క్షణంలో తెలుస్తుంది. దాన్ని నాకంటే నువ్వు బాగా రాయగలవు. ప్రొద్దుటూరు బస్సులో రోజూ తిరిగే మనిషివి, నీ కంటితో చూసింది రాయి.

అనుమతి అంటే సంతకం అని మాత్రం రాయకు. 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక ఢిల్లీ కేసులో, పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన పేషెంటుకు, ఆమె ఒప్పుకోకుండానే గర్భసంచి తీసేశారు. చేసింది ఆమె మంచికే అన్న వాదన నిలబడలేదు. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు పనికిరాదన్నారు. మేలు చేసే చెయ్యి అయినా అడిగే ముట్టాలి.

నిర్బంధం దగ్గర నీకు కొంచెం తికమక ఉంది. 1845 నాటి బర్డ్ వర్సెస్ జోన్స్‌లో లండన్ హ్యామర్‌స్మిత్ బ్రిడ్జి మీద ఒక మనిషిని ముందుకు పోనీయలేదు గానీ వెనక్కి దారి ఉంది. అందుకని అది నిర్బంధం కాదన్నారు. అంతవరకు సరిగ్గానే రాశావు. అయితే దాన్ని పట్టుకుని, మన దగ్గర దారికి అడ్డం నిలబడితే తప్పు లేదన్నట్టు రాశావే, అది తప్పు. మన నేర చట్టంలో అడ్డగించడం వేరే నేరం, నిర్బంధించడం వేరే నేరం. మనిషికి పోయే హక్కున్న ఏ ఒక్క దిక్కుకు పోనీయకపోయినా మొదటిది వర్తిస్తుంది. భారతీయ న్యాయ సంహితలో అవి 126, 127 సెక్షన్లు. సెక్షన్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, అసాల్ట్‌కు 351 అని వేశావు. అది పాత ఐపీసీ, అంటే ఇండియన్ పీనల్ కోడ్ నంబరు. 2024 జూలై 1 నుంచి అది 130. కొత్త చట్టంలో 351 అంటే నేరపూరిత బెదిరింపు. ఎవరైనా నీ వ్యాసం పట్టుకుని స్టేషన్‌కు పోతే ఏమవుతుందో ఆలోచించు. మనం రాసింది నమ్మి నడిచేవాళ్ళుంటారమ్మా.

ఫీజు బాకీ ఉందని హాస్టల్లో పిల్లవాణ్ణి ఇంటికి పంపని ఉదంతం నువ్వు విన్నట్టు రాశావు. దానికి పాత తోడు ఉంది. 1834 నాటి హెరింగ్ వర్సెస్ బాయిల్‌లో ఇదే జరిగింది. క్రిస్మస్ సెలవులకు తల్లి వస్తే, ఫీజు కట్టందే పిల్లవాణ్ణి పంపనన్నాడు హెడ్మాస్టరు. తనను ఆపారని పిల్లవాడికి తెలిసినట్టు రుజువు లేదు కాబట్టి నిర్బంధం కాదంది కోర్టు. ఆ తీర్పు చదివినప్పుడల్లా నా మనసు ఒప్పదు. తర్వాత చట్టం కూడా ఒప్పుకోలేదు. నిద్రలో ఉన్న మనిషిని కూడా నిర్బంధించవచ్చని 1919లో మీరింగ్ కేసులో లార్డ్ జస్టిస్ అట్కిన్ అన్నాడు. 1988లో మర్రే కేసులో, అప్పట్లో బ్రిటన్‌లో అన్నిటికంటే పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ దారే పట్టింది. నీ ఉదంతంలో ఫీజు ఎంతో రాశావు, కాలేజీ ఎంత పెద్దదో రాశావు. గేటు అవతల నిలబడిన తల్లి ఏం చేసిందో రాయలేదు. అడిగి తెలుసుకో. కాలేజీ పేరు అక్కరలేదు.

చదివేవాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి తప్పకుండా పెట్టు. అక్రమ నిర్బంధానికి పరిహారం అడగాలంటే, వదిలిన రోజు నుంచి ఒక్క ఏడాదే గడువు, 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం. మా నాయనకు ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరు. అట్లాగని దావా వేస్తే గెలుపు ఖాయం అన్నట్టు ఆశ పెట్టొద్దు. కోర్టు ఫీజు, వాయిదాలు, సాక్షులు అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పు.

చివరి పేజీల్లో ఫ్యాక్షన్ గురించి ఆవేశంగా రాశావు. ఆ ఆవేశం నిజమైనదే, తీసేయమనను. దాని పక్కన కోయిలకుంట్ల కేసు పెట్టు. 1977 మే నెలలో ఒక రాత్రి కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు వేశారు. లోపల ఉన్న తండ్రీకొడుకుల్లో తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బతికి ప్రభుత్వం మీద దావా వేశాడు. ప్రాణానికి ముప్పు ఉందని ముందే చెప్పినా తగినంత కాపలా పెట్టలేదన్నది ఫిర్యాదు. కింది కోర్టులో ఓడిపోయాడు. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇవ్వమంది. 2000లో సుప్రీంకోర్టు, స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ చల్లా రామకృష్ణారెడ్డి కేసులో దాన్ని ఖాయం చేసింది. ప్రభుత్వం మీద ఇట్లాంటి దావా చెల్లదన్న పాత వాదన, రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కు ముందు నిలబడదని చెప్పింది. బాంబు వేసిన చేతుల గురించి అందరూ రాశారు. ఈ దావా మాత్రం తాళం వేసినవాళ్ళ గురించి. పోనీయకుండా లోపల పెట్టినప్పుడు, ఆ లోపలి మనిషి ప్రాణం ఎవరి పూచీ? ఇరవై మూడేళ్ళు పట్టిన ఆ ప్రశ్న మన నేల మీద పుట్టింది. ఇంగ్లీషు కేసులకు ఇచ్చినంత చోటు దానికీ ఇవ్వు.

మండీ కథను నేను మళ్ళీ మొదలుపెట్టాను. చెంపదెబ్బ తీసేశాను. నాయన బెంచీ మీంచి లేచి, గుమాస్తా వైపు చూసి, అడగాలా వద్దా అని నిలబడిన చోట నాలుగు రోజులుగా ఆగి ఉన్నాను. నీ వ్యాసం తిరగరాసి పట్టుకుని రా, సంక్రాంతి సెలవుల్లో నేను ఇంట్లోనే ఉంటాను. అప్పటికి ఇది పూర్తయితే నువ్వే చదివిపెట్టు.

ఆశీస్సులతో,
పెదనాయన